కడుపు పోయిందనే వాక్యానికి ముందు

తెలుగు కథలో గర్భం పోవడానికి ఒక్క వాక్యం చాలు. ‘మూడో నెలలో కడుపు పోయింది.’ అంతే, పేరా మారిపోతుంది. కొత్త పేరాలో అత్తగారు మొహం తిప్పుకుని ఉంటుంది, మొగుడు వరండాలో సిగరెట్ కాలుస్తుంటాడు, ఆమె కిటికీలోంచి వాన చూస్తుంటుంది. సినిమాలో ఆ ఒక్క వాక్యం కూడా అక్కర్లేదు. డ్యూప్లెక్స్ ఇల్లు, దానికి మెట్లు. సీరియల్ అయితే ఆ మెట్ల మీద ఎవరో ముందే నూనె పోసి ఉంచుతారు. తర్వాత ఆపరేషన్ థియేటర్ తలుపు మీద ఎర్ర లైటు, బయటికొచ్చి కళ్ళజోడు తీసే డాక్టరు.

ఎవరి కథ, ఏ సినిమా అని పేర్లు చెప్పను. ఇది ఒకరిద్దరిని పట్టుకుని అడిగే తప్పు కాదు, అందరికీ ఉన్న అలవాటు. నేను పగలు కోడ్ రాసుకునే మనిషిని, చదవడం రాత్రిపూట పని. రెండేళ్ళుగా చేతికొచ్చిన కథల సంపుటాల్లో ఈ ఒక్క వాక్యం ఎక్కడొస్తుందా అని పెన్సిలుతో గీతలు పెడుతూ వచ్చాను. గీతలు బోలెడున్నాయి. గీతకి ముందున్న పేజీలో మాత్రం ఆమె పప్పు తాలింపు పెడుతూనే ఉంటుంది.

వీటిని మాత్రమే చదివిన అమ్మాయికి ఏం తెలుస్తుంది? గర్భం పోవాలంటే పడాలి, లేదా ఎవరో తొయ్యాలి. అది ఒక్క క్షణంలో జరిగిపోతుంది. ఆపైన ఏడవాలి. మొదటి రెండూ చాలా వరకు అబద్ధం. తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా వాటంతట అవే పోతాయని వైద్య పుస్తకాలు చెప్తాయి. ఎక్కువ భాగం మొదటి 12 వారాల్లోనే. అలా పోయినవాటిలో దాదాపు సగానికి కారణం పిండంలో క్రోమోజోముల లెక్క కుదరకపోవడం. ఇంటి మెట్లకీ దానికీ సంబంధం లేదు. బొప్పాయికీ, బస్సు ప్రయాణానికీ, రాత్రి ఒంటిగంటకి చేసిన ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్‌కీ కూడా లేదు. మా హబ్సిగూడ మెయిన్ రోడ్డు మీదే జన్యువులను చదివే సీసీఎంబీ ఉంది. తార్నాక వైపు పోతే తిండిని చదివే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ రెండింటి మధ్య ఉన్న అపార్ట్‌మెంట్లలో కేసు మాత్రం ఇప్పటికీ బొప్పాయి మీదే నడుస్తోంది.

నా ఫిర్యాదు కారణం గురించి కూడా కాదు, కాలం గురించి. చాలామందిలో ఇది గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి జరిగే సంగతి. మొదట లోదుస్తుల మీద గోధుమ రంగు చుక్క. అది ఎర్రబడటం. నడుం లాగడం, పొత్తికడుపులో నెలసరి లాంటి నొప్పి, అది అలలుగా రావడం. మధ్యలో ఆగిపోయి ‘హమ్మయ్య’ అనిపించడం. మళ్ళీ మొదలవడం. ఇదేమిటో గుర్తుపట్టాలా, ఎవరికి చెప్పాలి, ఇప్పుడే వెళ్ళాలా, పొద్దున దాకా ఆగొచ్చా అనే ప్రశ్నలన్నీ ఉండేది అక్కడే. సాయం అందాల్సిందీ అక్కడే. మన కథ ఆ గంటలన్నీ దూకేసి ఫలితం దగ్గర దిగుతుంది.

మాటల దగ్గర్నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే గండి అక్కడే పడిందని నా అనుమానం.

పాత వైద్యానికి ఈ విషయంలో భాష ఉండేది. సుశ్రుతం నాలుగో నెల దాకా పోయేదాన్ని గర్భస్రావమనీ, శరీరం గట్టిపడ్డాక ఐదు, ఆరు నెలల్లో పోయేదాన్ని గర్భపాతమనీ వేరు చేసింది. స్రావం అంటే కారడం, పాతం అంటే పడటం. ఎవరో కూర్చుని చూశారు, చూసింది మాటలో పెట్టారు. ఇవాళ ఆ రెండు మాటలూ పేపర్లో ఒకదాని బదులు ఒకటి పడుతుంటాయి. ‘గర్భస్రావమైంది’, ‘గర్భస్రావం చేయించుకుంది’ – ఒకటి తనకు జరిగింది, ఇంకొకటి తను ఎంచుకున్నది. తేడా అంతా ఒక్క క్రియ మీద వేలాడుతోంది. హెడ్డింగు పెట్టేవాడి దగ్గర చోటు చాలకపోతే అది కూడా ఊడిపోతుంది.

ఇళ్ళల్లో వాడేది వేరే. నెల తప్పింది, నీళ్ళోసుకుంది, ఒట్టిమనిషి కాదు – గర్భం రావడానికి ఇన్ని మాటలున్నాయి, ఒక్కొక్కటీ ఎంత బావుంటుందో. పోవడానికి వచ్చేసరికి ‘కడుపు పోయింది’, ‘నిలవలేదు’. లేదంటే ఇంగ్లీషు మాట ‘అబార్షన్ అయింది’. మా అమ్మమ్మ తరం నోట కూడా అబార్షన్ అనే వింటాం, తనంతట తాను పోయినా, ఆసుపత్రికి వెళ్ళి తీయించుకున్నా. చట్టం సరిగ్గా దీనికి తిరగేసి రాసింది. భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్‌లో మిస్‌క్యారేజ్ అనే మాట ఉన్నది, చేయించిన నేరం కింద. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షన్ అదే మాటను అలాగే తెచ్చుకుంది. చట్టంలో మిస్‌క్యారేజ్ అంటే చేసేది, వాడుకలో అబార్షన్ అంటే అయ్యేది. ఈ రెండింటి మధ్య నిలబడ్డ మనిషి తనకు జరిగింది ఏ మాటతో చెప్పాలి?

డాక్టర్ల కాగితం ఇంకో అడుగు ముందుకెళ్తుంది. త్రెటెన్డ్ అబార్షన్, ఇనెవిటబుల్ అబార్షన్, ఇన్‌కంప్లీట్ అబార్షన్, మిస్డ్ అబార్షన్, సెప్టిక్ అబార్షన్. వైద్యంగా చూస్తే ఇది మంచి వర్గీకరణే, ఒక్కోదానికి చెయ్యాల్సిన పని వేరు. భాషగా చూస్తే మాత్రం ఎవరు ఎవరిని బెదిరించారో, ఎవరు దేన్ని మిస్సయ్యారో అర్థం కాదు. 1985లో లండన్ వైద్యులు ముగ్గురు లాన్సెట్ పత్రికకు ఒక ఉత్తరం రాశారు: కోరుకున్న గర్భం పోయిన మనిషికి అబార్షన్ అనే మాట వాడటం ఆపేద్దామని, మిస్‌క్యారేజ్ అందామని. అక్కడ ఆ మాట నెమ్మదిగా మారింది. మన డిశ్చార్జ్ సమ్మరీల్లో మారలేదు.

నాకు ఈ సంగతులన్నీ తెలిసింది చదవడం వల్ల మాత్రమే కాదు. మూడేళ్ళ కింద, తొమ్మిదో వారంలో, స్టాండప్ కాల్‌కి పది నిమిషాల ముందు ఆ గోధుమ రంగు చుక్క చూశాను. సాయంత్రానికి అది ఎర్రబడింది. అమ్మకి ఫోన్ చేస్తే ‘జర్ర పండుకో బిడ్డా, కాళ్ళ కింద మెత్త వెట్టుకో’ అంది. స్నేహితురాలు ‘కొంతమందికి అవుతదే, ఏం కాదు’ అంది. ఫోన్‌లో ఉన్న ప్రెగ్నెన్సీ యాప్ ఈ వారం నీ బిడ్డ ద్రాక్షపండంత ఉంది అని రంగుల బొమ్మ చూపించింది. ముగ్గురివీ ప్రేమగల మాటలే, యాప్‌ది కూడా. రాత్రి పదకొండుకి మేము ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళాం. అక్కడ డ్యూటీలో ఉన్న నర్సు నా మొహం కూడా చూడకుండా అడిగింది: ‘ప్యాడ్లు ఎన్ని మార్చిన్రు మేడం? గంటకెన్ని? నిండ తడిసిందా, సగమేనా? ముక్కలు ముక్కలుగ వడ్డయా?’

పడుకోమనే సలహాతో నాకు పేచీ లేదు, అది ప్రేమ. కాకపోతే మంచం మీద పడుకోవడం వల్ల పోయే గర్భం ఆగుతుందని చెప్పే రుజువు లేదని తర్వాత చదివాను. ఆ రోజు విన్న మొత్తం తెలుగులో నాకు పనికొచ్చింది నర్సు అడిగిన ఆ నాలుగు ప్రశ్నలే. సాహిత్య విమర్శ రాస్తూ ఈ మాట అనొచ్చో లేదో గానీ, అది మంచి వచనం. అందులో కొలత ఉంది, కాలం ఉంది, స్థాయి ఉంది. విశేషణం లేదు. మా ఆన్‌కాల్ భాషలో దీన్ని థ్రెషోల్డ్ అంటాం. ‘సర్వర్ కాస్త నీరసంగా ఉంది’ అంటే ఎవరూ నిద్ర లేవరు. ఐదు నిమిషాల్లో ఎన్ని రిక్వెస్టులు ఫెయిలయ్యాయో చెప్తే లేస్తారు. తెలుగులో ‘కొంచెం బ్లీడింగ్’, ‘బాగా బ్లీడింగ్’ అనే రెండు మాటల మధ్య ఆడవాళ్ళు రాత్రుళ్ళు గడిపేస్తుంటారు. ‘కొంచెం’ ఎంత?

ఆ నర్సు కొలత పట్టుకుని నేను చదివినవన్నీ మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. అన్నిటికంటే పాతవాటి నుంచి.

భారతంలో గాంధారి ఉంది. రెండేళ్ళు మోసింది. కుంతికి కొడుకు పుట్టాడని విని పొట్ట మీద కొట్టుకుంది, మాంసపు ముద్ద పడింది. వ్యాసుడు వచ్చి దాని మీద చన్నీళ్ళు చల్లించాడు, నూటొక్క భాగాలు చేయించి నేతి కుండల్లో పెట్టించాడు. పడినదాన్ని ఎలా చూసుకోవాలో ఇంత వివరంగా ఉంది, ఉష్ణోగ్రత తప్ప అన్నీ ఉన్నాయి. గాంధారికి ఎంత రక్తం పోయిందో, ఎన్నాళ్ళకు లేచి కూర్చుందో మాత్రం ఎవరూ రాసుకోలేదు.

దేవకి సంగతి ఇంకా విచిత్రం. భాగవతం దశమ స్కంధంలో ఆమె ఏడో గర్భాన్ని యోగమాయ తీసి రోహిణి కడుపులో పెడుతుంది. మథుర జనానికి అది తెలీదు, దేవకి గర్భం పోయిందని వాపోతారు. బలరాముడు రేపల్లెలో పుడతాడు, కథ కృష్ణుడి వైపు పరిగెడుతుంది. మనకు చిన్నప్పట్నుంచీ బాగా తెలిసిన గర్భస్రావం, అంటే, ఒక పుకారు. ఊరు ఏమనుకుందో తెలుసు, దేవుడు ఏం చేశాడో తెలుసు. ఆ ఉదయం దేవకి తన ఒంట్లో ఏం గమనించిందో ఎవరూ అడగలేదు. అంతకుముందు ఆరుగురిని కని పోగొట్టుకున్న మనిషికి ఏడోసారి పొట్ట ఉన్నట్టుండి ఖాళీ అయింది. జైలు గదిలో, పక్కన మొగుడు తప్ప ఎవరూ లేరు. దాని మీద ఒక కథ రాలేదంటే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఒక్క గెంతులో ఆధునిక కాలానికి వచ్చేస్తాను, మధ్యలో ఉన్నది చాలా వరకు ఆ ఒక్క వాక్యమే కాబట్టి. 80లు, 90లలో స్త్రీవాద కవులు ఆడశరీరాన్ని తెలుగు కవిత్వంలోకి తెచ్చారు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ – పేర్లు చూడండి, అప్పటిదాకా ఆసుపత్రి బోర్డుల మీదా కాగితాల మీదా ఉన్న మాటల్ని తెచ్చి కవితకి శీర్షికగా పెట్టారు. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ చదివితే ఆ కాలపు ధైర్యం ఎంతటిదో తెలుస్తుంది. వాళ్ళని తిట్టినవాళ్ళ పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. కవితలు గుర్తున్నాయి.

పురుడుంది, అబార్షనుంది. మరి తనంతట తాను పోయిన గర్భం మీద ఆ స్థాయిలో పేరు తెచ్చుకున్న కవిత ఏదని అడిగితే నాకు ఒక్కటీ గుర్తు రాదు. ఎందుకయ్యుంటుంది? ఆ కవిత్వానికి ఊపిరి కోపం. కోపానికి ఎదుట ఒకరుండాలి – మొగుడో, అత్తింటివాళ్ళో, ఆసుపత్రో, రాజ్యమో. ఇక్కడ ఎదుట ఎవరూ లేరు. క్రోమోజోముల మీద నినాదం రాయలేం. కోపానికి అడ్రసు దొరకని చోట కవిత ఆగిపోయిందనుకుంటాను. ఇంకో భయం కూడా ఉండి ఉంటుంది, అది న్యాయమైనదే: తొమ్మిదో వారంలో పోయినదాని కోసం ఏడ్చిన కవితని, అబార్షన్ హక్కు వద్దనేవాళ్ళు తీసుకెళ్ళి తమ జెండాకి కట్టుకుంటే? 1971 చట్టంతో దొరికిన కాస్త చోటుని కాపాడుకోవాల్సిన తరం అది. నా మటుకు నాకు ఆ రెండూ ఒకే మనిషిలో ఇమడగలవు. ఒకసారి వద్దనుకుని తీయించుకోవడమూ, ఇంకోసారి కావాలనుకున్నది పోతే కుమిలిపోవడమూ ఒక్క ఆవిడ జీవితంలోనే జరుగుతాయి. కవిత్వం అంత సందు ఇవ్వలేకపోతే కథ ఇవ్వాలి.

ఆ కాలంలో ఈ పని వేరే ప్రక్రియలో జరిగింది. అది మా ఇంటి దగ్గరే జరిగింది కాబట్టి కాస్త ఎక్కువ సేపు ఆగుతాను. 1985లో అన్వేషి అనే స్త్రీల అధ్యయన కేంద్రం మొదలైంది, చాలా కాలం దాని చిరునామా ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్. లాన్సెట్‌లో ఆ ఉత్తరం వచ్చిన ఏడాదే, ఊరికే గమనించాను. అంతకుముందు స్త్రీ శక్తి సంఘటనలో కలిసి పనిచేసినవాళ్ళు, తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ మాటల్ని ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చినవాళ్ళు, వాళ్ళ చుట్టూ ఉన్న డాక్టర్లు, చదువుకున్నవాళ్ళు కూర్చుని ఆడవాళ్ళ ఆరోగ్యం మీద తెలుగులో ఒక లావుపాటి పుస్తకం తయారుచేశారు. పేరు ‘సవాలక్ష సందేహాలు’. 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆ పనిలో ముందున్న వీణా శత్రుఘ్న తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టరు. తర్వాత 2004లో ఆవిడా, గీతా రామస్వామి, శ్రీవిద్యా నటరాజన్ కలిసి ఇంగ్లీషులో ‘టేకింగ్ ఛార్జ్ ఆఫ్ అవర్ బాడీస్’ తెచ్చారు, పెంగ్విన్ ప్రచురణ.

ముందు ఆ పేరు చూడండి. సవాలక్ష అనే మాట తెలుగులో ఎప్పుడొస్తుంది? ‘నీకు అన్నీ సవాలక్ష సందేహాలు’ అని విసుక్కునేటప్పుడు. అడిగే ఆడమనిషిని కూర్చోపెట్టడానికి వాడే మాట అది. దాన్నే తీసుకెళ్ళి అట్ట మీద వేసి, అవును, సవాలక్షే, రండి మాట్లాడుకుందాం అన్నారు. ఇంత తెలివైన శీర్షిక ఆ దశాబ్దపు కవితా సంపుటాల్లో కూడా తక్కువే. ‘స్త్రీవాద సాహిత్య వికాసం’ అనే తరహా వ్యాసాల్లో కవిత్వం, కథ, నవల, అనువాదం అన్నిటికీ ఒక్కో విభాగం ఉంటుంది. ఈ పుస్తకం వాటిల్లో కనపడదు, ఎందుకంటే ఇది ‘ఆరోగ్యం’. మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాలు నడిపిన ‘ప్రమదావనం’, స్వాతిలో డాక్టర్ సమరం ఇచ్చిన జవాబులు కూడా ఇంతే, శీర్షికలు కాబట్టి సాహిత్యం లెక్కలోకి రావు. శరీరం గురించి ఇంటి తెలుగులో సిగ్గుపడకుండా రాయడం అన్నిటికంటే కష్టమైన వచన రచన అని, అది చేసినవాళ్ళని కథకుల పక్కన కూర్చోబెట్టాలని నేనంటాను. ‘ఇది సాహిత్యమా?’ అని అడిగేవాళ్ళకి: గర్భసంచి, నెలసరి, యోని అనే మాటల్ని తిట్టూ కాకుండా, సంస్కృత పాఠమూ కాకుండా ఒక పేరాలో వరసగా రాసి చూడండి. నేను ఈ వ్యాసంలో ఎన్నిసార్లు చెరిపానో నా లాప్‌టాప్‌కి తెలుసు.

బయటి దేశాల్లో ఈ మధ్య గంటల్ని పట్టుకున్నవాళ్ళు ఇద్దరు గుర్తొస్తారు. ఫ్రీదా కాలో 1932లో డెట్రాయిట్‌లో గర్భం పోయాక ‘హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్’ అనే బొమ్మ వేసింది. మంచం, రక్తం, చేతిలోంచి ఎర్ర తాళ్ళు, వాటి చివర గాల్లో తేలే వస్తువులు. వాటిలో ఒకటి నత్త. ఎంత నెమ్మదిగా జరిగిందో చెప్పడానికట. మెట్ల సీను తీసిన మన దర్శకులందరికీ ఆ నత్తని పోస్టులో పంపాలని ఉంది. రెండోది సిల్వియా ప్లాత్ 1962లో రేడియో కోసం రాసిన ‘త్రీ విమెన్’. అందులో మూడు గొంతులు, రెండోది ఆఫీసులో టైపు చేసే సెక్రటరీది. ఆమె ఆ ఎరుపుని గమనించేది ఆఫీసులో, పని మధ్యలో. మా తరం తెలుగమ్మాయి కూడా చాలాసార్లు అక్కడే గమనిస్తుంది, హైటెక్ సిటీలో నాలుగో అంతస్తు వాష్‌రూంలో, బయట మీటింగ్ రూం ఖాళీ చెయ్యమని ఎవరో తలుపు కొడుతుంటే. ఆ వాష్‌రూం ఇంకా మన కథలోకి రావాలి.

వస్తే ఏం రాయాలి? కథలో పాఠం చెప్పమనడం లేదు. కానీ ఆ గంటలు నిజంగా రాస్తే, తెలిసిన సంగతులు వాటంతట అవే కథనంలోకి వస్తాయి, వాటిలో నాటకం కూడా తక్కువేం కాదు. ఉదాహరణకి, మొదటి నెలల్లో రక్తం కనపడిన ప్రతిసారీ గర్భం పోయినట్టు కాదు. నలుగురిలో ఒకరికి దాకా అలా కనపడుతుంది, చాలామంది తర్వాత మామూలుగా కంటారు. చుక్కలుగా ఉండి, నొప్పి లేకపోతే ఆ రోజో మర్నాడో డాక్టరుకి చెప్పి స్కాన్ చేయించుకుంటే సరిపోతుంది. ఈ అనిశ్చితి చాలదూ పదిహేను పేజీలకి? దానికి ఎదురుగా, గంటకి రెండు ప్యాడ్లు నిండా తడుస్తూ వరసగా రెండు గంటలు సాగితే, కళ్ళు తిరిగి పడిపోతుంటే, ఓర్చుకోలేని నొప్పి ఉంటే అది తెల్లారేదాకా ఆగే సంగతి కాదు. 108కి ఫోన్ చెయ్యాలి. రక్తం తక్కువే పోతున్నా పొట్టలో ఒక పక్కనే పొడిచినట్టు నొప్పి, దాంతోపాటు భుజం కొసన నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే గర్భం సంచిలో కాకుండా ట్యూబులో ఉండి అది చిట్లి ఉండొచ్చు, అది ప్రాణం మీదికి వచ్చే మాట. భుజం నొప్పికీ గర్భానికీ సంబంధం ఉంటుందని ఏ అత్తగారు ఊహిస్తుంది? పాఠకురాలు ఊహించలేనిది రాయడం కథకుల పనే కదా.

జ్వరం 100.4 దాటడం, వణుకు, దుర్వాసనతో స్రావం – ఇవి లోపల ఇన్ఫెక్షన్‌కి గుర్తులు, రక్తం ఆగిపోయిన రెండ్రోజుల తర్వాత కూడా రావొచ్చు. ‘అయిపోయిందిలే’ అని ఇల్లంతా ఊపిరి పీల్చుకున్నాక వచ్చే ఈ రెండో అంకం నేను ఏ కథలోనూ చూడలేదు. ముక్కలుగా పడినదాన్ని సిగ్గుపడి ఫ్లష్ చెయ్యకుండా శుభ్రమైన డబ్బాలో పెట్టి డాక్టరుకి చూపిస్తే ఉపయోగం ఉంటుంది. ఆ డబ్బా మన వంటింటి డబ్బానే అవుతుంది, స్టీలుదో, ఐస్‌క్రీందో. రక్తం గ్రూపు నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమేమో 72 గంటల్లోపే అడిగి తేల్చుకోవాలి. ఇక ఏ గుర్తూ లేకుండా పోయేవి కూడా ఉన్నాయి. వేవిళ్ళు తగ్గాయని సంతోషంగా స్కాన్‌కి వెళ్తే, తెర మీద చూసి స్కాన్ చేసే ఆవిడ ఒక్క క్షణం మాట్లాడదు. నొప్పి లేదు, రక్తం లేదు. మెట్లూ లేవు. ఆ నిశ్శబ్దం రాయగలిగినవాళ్ళు రాస్తే నేను క్యూలో నిలబడి కొంటాను.

గుర్తుపట్టడంతోనే అంతా అయిపోతుందని కాదు. బెళగావి అమ్మాయి, డెంటిస్టు, సవితా హలప్పనవర్ 2012 అక్టోబర్ 21న ఐర్లండ్‌లో గాల్వే ఆసుపత్రికి వెళ్ళింది. 17 వారాల గర్భం, భరించలేని నడుం నొప్పి. ఇంటికి పంపారు, అదే రోజు తిరిగొచ్చింది. గర్భం నిలవదని డాక్టర్లకీ తెలిసింది, ఆమెకీ తెలిసింది. ఆమె తీసేయమని అడిగింది. పిండం గుండె కొట్టుకుంటున్నందుకు అక్కడి చట్టం పేరు చెప్పి ఆపారు. ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి 28న చనిపోయింది, 31 ఏళ్ళకి. 2018 మేలో ఐర్లండ్ ప్రజలు ఓటేసి ఆ రాజ్యాంగ నిబంధన తీసేశారు. పైన స్త్రీవాద కవుల భయం న్యాయమైనదే అన్నది ఇందుకే. ఆమెకి మాట తెలుసు, గుర్తు తెలుసు, సమయానికే వెళ్ళింది. ఆమె కథలో ఎదుట ఎవరో ఉన్నారు, కోపానికి అడ్రసుంది. బహుశా అందుకే ప్రపంచమంతా విన్న గర్భస్రావం కథ అదొక్కటే అయింది.

మన దగ్గర మిస్‌క్యారేజ్ అనే మాటకి నిర్వచనం ఇచ్చిన ఇంకో చోటు 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం. 26వ వారం లోపల గర్భసంచిలో ‘ఉన్నవి’ బయటికి పోవడం అంది. ‘ఉన్నవి’ అనే ఆ మాటని నేను మొదట అసహ్యించుకున్నాను, ఇప్పుడు గౌరవిస్తున్నాను. బిడ్డ అనీ అనలేదు, ముద్ద అనీ అనలేదు, ఏమనుకోవాలో ఆమెకే వదిలేసింది. ఆ చట్టం 9వ సెక్షన్ ఆరు వారాల జీతంతో సెలవు ఇచ్చేది. నేను పనిచేసిన ఒక కంపెనీ లీవ్ పోర్టల్‌లో పెంపుడు జంతువు చనిపోతే సెలవుకి ఒక ఆప్షన్ ఉండేది, దీనికి లేదు. ‘అదర్స్’ నొక్కి, కింద పెట్టెలో కారణం టైపు చెయ్యాలి. యాభై అక్షరాలు మించకూడదు.

మగవాళ్ళ సంగతి ఒక్కటి మిగిలింది. మన కథల్లో మొగుడు ఈ సమయంలో వరండాలోకి పంపబడతాడు, సిగరెట్ ఇచ్చి. అక్కడ అతనేం చేస్తున్నాడో రచయితకి పట్టదు. ఆ రాత్రి మావాడు సిగరెట్ తాగలేదు, అలవాటు లేదు. నన్ను లోపలికి తీసుకెళ్ళాక అతని చేతికి అడ్మిషన్ ఫారం ఇచ్చారట. పేరు, వయసు, ఫోన్ నంబరు, ఇన్సూరెన్స్ అన్నీ గబగబా నింపాడు. ‘కంప్లయింట్’ అని ఒక గడి ఉంది. అక్కడ పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడని తర్వాత చెప్పాడు. అబార్షన్ అని రాస్తే మేము చేయించుకోడానికి వచ్చామనుకుంటారేమో. మిస్‌క్యారేజ్ అని రాస్తే అయిపోయిందని తనే ఒప్పుకున్నట్టు. తెలుగులో రాద్దామంటే ఏం రాయాలి? కౌంటర్లో మనిషి ‘ఏమైంది సార్’ అంటే, బ్లీడింగ్ అని రాసి, పక్కన 9 వారాలు అని రాసి, కాసేపాగి, మధ్యాహ్నం 3 నుంచి అని రాశాడు.